సంబోధన ప్రథమా విభక్తి

స్పాల్డింగ్‌లో తులిప్ గడ్డలు ఏరే షెడ్డు.
రాత్రి పది నుంచి పొద్దున్న ఆరు దాకా.
నా పని గడ్డలతో కాదు, పేర్లతో.
చేరినవాళ్ళకి బ్యాడ్జీలు కొట్టి ఇస్తాను.
ఆ మిషను పన్నెండు అక్షరాలు దాటితే మింగేస్తుంది,
తోకలున్న అక్షరం వస్తే తోక కోసేస్తుంది.
పైడితల్లిని పైడి చేసింది అదే.
పైడి అంటే బంగారమని సూపర్వైజరు గ్రేమ్‌కి చెప్పాను.
జీతం పెంచలేదు.

మూడో బల్ల దగ్గర ఎదురెదురుగా ఇద్దరు:
కేప్‌టౌన్ నుంచి వెరెన్సియా,
పనెవెజిస్ నుంచి వైదోతస్.
ఆమెది ఆఫ్రికాన్స్, అతనిది లిథువేనియన్.
మధ్యలో బెల్టు మీద గడ్డలు,
గడ్డల మీదుగా అరకొర ఇంగ్లీషు.

వెరెన్సియా భాష సగం వంటింట్లో పుట్టిందట.
దొర డచ్చులో కేకేస్తే
పొయ్యి దగ్గరి మనుషులు,
మలయా నుంచి, మన తీరాల నుంచి కూడా
అమ్ముడై ఓడెక్కినవాళ్ళు,
ఆ మాటల్ని నూరి, పిప్పి తీసి,
పిల్లల నోట్లో పెట్టారట.
అందుకే క్రియకి బరువుండదు.
ఎక్ వెర్క్, యెయ్ వెర్క్, ఒన్స్ వెర్క్.
నేను పని, నువ్వు పని, మేమంతా పని.
రాత్రి షిఫ్టులో ఇంతకన్నా వ్యాకరణం ఎవరికి కావాలి?
విభక్తులన్నీ సముద్రంలో పారేసి
కాదనడానికి మాత్రం రెండు గడియలు పెట్టుకున్నారు:
మధ్యలో ఒక "నీ", చివర మళ్ళీ ఒక "నీ".
ఒకసారి కాదంటే వినని ఇంట్లో
పెరిగిన భాషేమో అని నా ఊహ.
"ప్లెక్-ప్లెక్" అంటుంది, అక్కడక్కడ అని.
"నౌ-నౌ" అంటుంది, ఇప్పుడిప్పుడే అని.
జంటమాట లేకుండా మా అమ్మ
ఉప్పు కూడా అడగలేదు ఎప్పుడూ.

వైదోతస్ భాష ఒక్కటీ పారేయలేదు.
పాత ఇనప్పెట్టె. మూత తీస్తే
నిప్పు ఉగ్నిస్, పొగ దూమస్, కల సప్నస్.
ఏడు విభక్తులు.
మాకు ఎనిమిది, అన్నాను గొప్పగా.
సూరపనాయుడు మాస్టారి బెత్తం కింద
డు ము వు లు అప్పజెప్పిన చేతులు ఇవి.
"సంబోధన కలిపా, కలపకనా?" అడిగాడు.
కలిపే.
అప్పుడు నవ్వాడు, మొదటిసారి.

పిలిచేటప్పుడు అతని పేరు మారుతుందట.
వచ్చాడూ పోయాడూ అనడానికి వైదోతస్,
పిలవడానికి వైదోతై.
రాముడు పిలుపులో రామా అయినట్టు.
ఆరేళ్ళుగా ఇక్కడ తనని ఎవరూ పిలవలేదన్నాడు.
అదేమిటి, రోజూ మైకులో పిలుస్తారు కదా, అన్నాను.
"అది పిలవడం కాదు.
నా గురించి చెప్పుకోవడం."

వెరెన్సియా తలెత్తలేదు. గడ్డలు ఏరుతూనే ఉంది.

నవంబరులో కొత్త బ్యాడ్జీలు.
మిషను వెరెన్సియాని మింగి
వి. సెప్టెంబర్ అని కక్కింది.
"పుట్టిన నెలా?" అని గ్రేమ్ నవ్వాడు.
"ఇంటిపేరు," అంది.
"మా వాళ్ళలో మొదటివాణ్ణి కొన్న నెల.
ఓడ దిగిన నెలో మరి.
మా అమ్మమ్మ రెండూ చెప్పేది."
ఆమె చేతిలో ఒక కుళ్ళుగడ్డ చితికింది.
కాసేపు బెల్టు ఒక్కటే మాట్లాడింది.

వైదోతస్ గ్లవ్స్ తీశాడు.
"మా దగ్గర ఆ నెల పేరు రుగ్సేయిస్.
రై గింజలు చల్లే నెల."
ఆమె ఏమీ అనలేదు.
"పిలిస్తే," అన్నాడు, "రుగ్సేయీ."

నాలుక మీద వేసుకుని చూసింది,
పులుపో కాదో తెలియని పండులా.
తర్వాత బెల్టు అవతలికి, మామూలుగా,
"వైదోతై, ఆ పెట్టె ఇటు తొయ్యి."

ఖాళీ పెట్టే.
తొయ్యడానికి అతనికి చాలాసేపు పట్టింది.

నేను గదిలోకొచ్చి మళ్ళీ కొట్టాను.
రుగ్సేయీ. వాళ్ళ లిపిలో ఏడు అక్షరాలే,
మిషను మింగలేకపోయింది.
ఒక అక్షరం నెత్తిన చుక్క మాత్రం రాల్చేసింది.
గ్రేమ్‌కి ఇంకా చెప్పలేదు.
చుక్క నేనే పెట్టాను, పెన్నుతో.